197 విలువ పెరిగిన హార్డ్ డిస్క్: చెక్‌డిస్క్ నడపాలా, ముందు డేటా తీయాలా?

మేడగది:
డెస్క్‌టాప్‌లో 1 టీబీ, 3.5 అంగుళాల సాటా డిస్క్. విండోస్ కూడా దీని మీదే ఉంది. ఫొటోల ఫోల్డర్ తెరిస్తే ఎక్స్‌ప్లోరర్ బిగుసుకుపోతోంది, డిస్క్ లైటు ఆరడం లేదు. విండోస్ తప్పులు నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో "డిస్క్" సోర్సుతో ఈవెంట్ 7 (చెడ్డ బ్లాక్ ఉందనే హెచ్చరిక) వరసగా పడుతోంది. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగు, అంటే జాగ్రత్త. డిస్క్ తన స్థితి గురించి తానే ఉంచుకునే లెక్కల (స్మార్ట్) రా విలువలు: 05 (స్పేర్‌కు మార్చిన సెక్టార్లు) సున్నా, సీ5లో 28, సీ6 (సరిచేయలేని సెక్టార్లు)లో 28, సీ7లో 3. టకటక చప్పుడేమీ లేదు. 05 సున్నానే కాబట్టి డిస్క్ ఇంకా బాగున్నట్టేనా? విండోస్‌లోని డిస్క్ తనిఖీ కమాండ్ చెక్‌డిస్క్‌ను స్లాష్ ఆర్‌తో నడిపితే సర్దుకుంటుందా? బ్యాకప్ ఉంది గానీ పాతది.

ఇనుపపళ్లెం:
చెక్‌డిస్క్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. స్లాష్ ఆర్ పెడితే డిస్క్ మొత్తాన్ని చదువుతుంది, పాడైన క్లస్టర్లకు (సెక్టార్ల గుంపులకు) గుర్తు పెడుతుంది, తెగిపోయిన ఫోల్డర్ ఎంట్రీలను తీసేస్తుంది. ఇదంతా పోతున్న డిస్క్ మీదే రాస్తుంది. అది ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే పనిముట్టే తప్ప, ఫైళ్లను కాపాడేది కాదు.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో రా విలువలను మామూలుగా హెక్సాలో (16 ఆధారంగా ఉండే అంకెల్లో) చూపిస్తుంది. మీ 28 అంటే అసలు 40. సీ5 (దశాంశంలో 197) అంటే డిస్క్ చదవలేక పెండింగ్‌లో పెట్టుకున్న సెక్టార్లు (డేటా దాచే చిన్న గళ్లు). 05 సున్నా ఉండటం ఊరట కలిగించే సంగతేం కాదు. పెండింగ్ సెక్టార్ మీద మళ్లీ ఏదైనా రాసినప్పుడే సాధారణంగా డిస్క్ దాన్ని పరీక్షిస్తుంది. రాత నిలిస్తే పెండింగ్ తగ్గుతుంది, నిలవకపోతే విడిగా ఉంచుకున్న స్పేర్ సెక్టార్‌కు మార్చి 05ను పెంచుతుంది. ఆ రాత ఇంకా జరగలేదంతే. 40 అన్నది 8తో భాగించబడుతోంది చూశారా, 4096 బైట్ల భౌతిక సెక్టార్ ఒకటి పోతే 512 బైట్ల లెక్కలో 8గా కనిపించడం మామూలే. కాబట్టి నిజంగా పోయినవి 5 కావచ్చు.

సీ7 మాత్రం వేరే సంగతి. అది డిస్క్‌కీ బోర్డుకీ మధ్య దారిలో వచ్చిన తప్పుల లెక్క, ఎప్పటికీ తగ్గదు. 3 దగ్గరే ఆగితే వదిలేయండి. పెరుగుతుంటే సాటా కేబుల్ మార్చండి.

నిదానం:
పై మాటే నాదీ. డేటా తీసే పద్ధతి చెబుతాను. మెషీన్ ఆపేయండి. విండోస్ లేచిన ప్రతిసారీ అదే డిస్క్ మీద లాగులూ పేజ్‌ఫైలూ (మెమరీకి తోడుగా వాడుకునే ఫైలు) రాస్తూనే ఉంటుంది. సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి, చెడ్డ డిస్క్‌ను సెక్టార్లవారీగా కొత్తదాని మీదికి కాపీ చేసే డీడీరెస్క్యూ అందులోనే ఉంటుంది. కొత్త డిస్క్‌ను నేరుగా బోర్డు మీది సాటా పోర్టుకే పెట్టండి. యూఎస్‌బీ అడాప్టర్లు చెడ్డ సెక్టార్ దగ్గర తెగిపోతుంటాయి. 960 జీబీ ఎస్‌ఎస్‌డీ కొనకండి, 1 టీబీ డిస్క్ దాంట్లో పట్టదు.

ముందు డిస్క్‌ల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో మోడలూ సీరియల్ నంబరూ చూసి ఏది పాతదో ఏది కొత్తదో కాగితం మీద రాసుకోండి. డీడీరెస్క్యూ కమాండ్‌లో మొదట పాతది, తర్వాత కొత్తది, చివర మ్యాప్ ఫైలు (ఎంతవరకు కాపీ అయిందో రాసుకునేది). తారుమారైతే ఖాళీ డిస్క్ వెళ్లి మీ ఫొటోల మీద పడుతుంది. మ్యాప్ ఫైలు మూడో చోట, వేరే పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. లైవ్ సిస్టమ్‌లో ఉంచితే రీబూట్‌తో పోతుంది, మళ్లీ మొదటికొస్తారు.

మొదటి విడతలో మైనస్ ఎఫ్ (కొత్త డిస్క్ మీద రాయడానికి అనుమతి), మైనస్ ఎన్ (కష్టమైన చోట్లను గీకి చదవొద్దని). బాగున్న భాగమంతా ముందు వచ్చేస్తుంది, కష్టమైన చోట్లు తర్వాతకి మిగులుతాయి. సెకనుకు 100 ఎంబీ వస్తే 1 టీబీకి సుమారు 2 గంటల 47 నిమిషాలు. రెండో విడతలో ఎన్ తీసేసి మైనస్ డీ (డిస్క్‌ను నేరుగా చదవడం), మైనస్ ఆర్3 (మూడుసార్లు మళ్లీ ప్రయత్నం), అదే మ్యాప్ ఫైలుతో. వేగం కేబీల్లోకి పడిపోయి కదలకపోతే ఆపి, పెద్ద అక్షరం ఆర్ (మైనస్ R)తో వెనక నుంచి చదివించండి. మధ్యలో టకటక మొదలైతే వెంటనే పవర్ తీసేయండి. ఆ స్థితిలో సాఫ్ట్‌వేర్ చేయగలిగేదేం లేదు, చదివే హెడ్ డిస్క్ పళ్లేన్ని గీకితే డేటా రికవరీ ల్యాబ్‌కి కూడా ఏమీ మిగలదు.

మేడగది:
డిస్క్‌కి బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్ తాళం) ఉంది. కాపీ పనిచేస్తుందా? ఫొటోలు మాత్రమే ముందు తీసుకోవచ్చా?

ఇనుపపళ్లెం:
పనిచేస్తుంది, సెక్టార్లు యథాతథంగా వస్తాయి. కాకపోతే 48 అంకెల రికవరీ కీ ఇప్పుడే చేతిలో పెట్టుకోండి.

ఫొటోలు ముందు తీయడం గురించి నా అభిప్రాయం నిదానం గారికి కాస్త భిన్నం. చప్పుడు లేకుండానే పెండింగ్ లెక్క వేగంగా పెరుగుతూ, ముఖ్యమైనవి 20 జీబీ లోపే అయితే, చదవడానికి మాత్రమే మౌంట్ చేసి వాటినే ముందు లాగుతాను. మీ డిస్క్ ఇంకా స్థిరంగానే ఉంది కాబట్టి పూర్తి కాపీయే మేలు. ఫైళ్లవారీగా తీస్తే హెడ్ అటూ ఇటూ పరుగెత్తుతుంది.

నిదానం:
ఒప్పుకుంటాను. కాపీ అయ్యాక పాత డిస్క్ కేబుల్ తీసేసి, కొత్తది ఒక్కటే ఉంచి బూట్ చేయండి. రెండింటికీ ఒకే సిగ్నేచర్ (డిస్క్ గుర్తింపు సంఖ్య) ఉంటుంది గనక విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది. చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ (ఫైల్ సిస్టమ్ తప్పులు సరిచేసేది) నడపాల్సింది అప్పుడు, కొత్త దాని మీద.

ఒక సంగతి చాలామంది వదిలేస్తారు. చదవలేని చోట డీడీరెస్క్యూ ఏమీ రాయదు. ఫైలు పరిమాణం మారదు, ఫొటో తెరిస్తే మాత్రం సగం నుంచి కింద బూడిద రంగు. కొత్త డిస్క్‌ను విండోస్‌లో పెట్టకముందే డీడీరెస్క్యూలోని ఫిల్‌మోడ్‌తో ఆ ఖాళీల్లో ఒక గుర్తుమాట నింపితే, ఆ మాట కోసం ఫైళ్లను వెతికి ఏవి దెబ్బతిన్నాయో పట్టుకోవచ్చు. బిట్‌లాకర్ ఉన్నప్పుడు ఇది కుదరదు, గుర్తు కూడా డీక్రిప్ట్ అయి చెత్తగా మారుతుంది. మీరు ఫొటోలను పాత బ్యాకప్‌తో హాష్ (ఫైలు లోపలి డేటా నుంచి లెక్కించే గుర్తు సంఖ్య) పోల్చి చూడాల్సిందే.

బిగించేటప్పుడు 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీకి ఎం3 స్క్రూలు. పాత 3.5 డిస్క్ స్క్రూలు లావుగా ఉంటాయి, బలవంతంగా తిప్పితే మర పోతుంది.