డెల్టా లైన్ల పాత క్యాబిన్లు, స్టేషన్ కోడ్‌లు: ఈ పలక ఏ క్యాబిన్‌దో తెలుసుకోవడం ఎలా?

కాలువగట్టు
అందరికీ నమస్కారం. మా నాన్నగారు భీమవరం చుట్టుపక్కల స్టేషన్లలో సిగ్నళ్లను, పట్టాలను కదిపే లీవర్లు లాగిన క్యాబిన్ మనిషి. ఆయన పోయాక ట్రంకుపెట్టె తెరిస్తే అరచేతిలో పట్టేంత ఇత్తడి పలక ఒకటి, రిజిస్టరు నుంచి ఊడిన కాగితం ఒకటి దొరికాయి. పలక మీద పెద్దగా 9, దాని కింద చిన్నగా 4, 6 అని చెక్కి ఉన్నాయి. కాగితం నెత్తిన దక్షిణ రైల్వే పేరు, ఒక గడి పైన బీవీఆర్‌టీ అన్న అక్షరాలు తప్ప స్టేషన్ పేరు ఎక్కడా లేదు. మేము చిన్నప్పుడు పనులు వరస తప్పి చేస్తే, నాన్నగారు "నాలుగూ ఆరూ లాగకుండా తొమ్మిది కదలదు" అని మందలించేవారు. అది ఏదో సామెత అనుకున్నాము. ఈ వస్తువులు ఏ క్యాబిన్‌వో తేల్చే దారి ఎవరైనా చెప్పగలరా?

పాత స్టేషన్ మాస్టరు
అది సామెత కాదండీ, ఇంటర్‌లాకింగ్. తొమ్మిదో లీవరు లాగాలంటే ముందుగా నాలుగు, ఆరు లాగి ఉండాలని ఆ పలక చెబుతుంది. పాయింట్లు, అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాలు, సరిగా కూర్చుని, వాటికి తాళం పడితే తప్ప సిగ్నల్ ఇవ్వడానికి వీలులేకుండా, లీవర్ల కింద ఉన్న ఇనుప పట్టీలు ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయి. ఆపే సిగ్నళ్ల లీవర్లకు ఎరుపు, పాయింట్లకు నలుపు, తాళాలకు నీలం, వాడకంలో లేనివాటికి తెలుపు వేసేవారు. పలక వెనుక రంగు మరక ఏమైనా మిగిలి ఉందేమో వెలుతురులో చూడండి.

కాగితం రైళ్ల రాకపోకలు రాసుకునే రిజిస్టరులోది. పక్క స్టేషన్‌కు గంట కొట్టి లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి అనుమతి, అడిగిన సమయం, బండి బయలుదేరిన సమయం, చేరిన సమయం అందులో వరసగా ఉంటాయి. ఒక దెబ్బ పిలుపు, రెండు దెబ్బలు లైన్ క్లియర్ అడగడం, మూడు బండి సెక్షన్‌లోకి, అంటే రెండు స్టేషన్ల మధ్య లైనులోకి, వస్తోందని, నాలుగు సెక్షన్ దాటిందని. ఆరు దెబ్బలు వినబడితే ప్రమాదం. నేను రిటైరై చాలాకాలమైనా, ఎక్కడైనా రెండుసార్లు టకటకమంటే చెవి అటే తిరుగుతుంది.

దక్షిణ రైల్వే అన్న పేరును బట్టి కాలం కొంత తెలుస్తుంది. ఈ లైన్లు 1951 వరకు మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేవి, ఆ తరువాత దక్షిణ రైల్వేవి, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వేలోకి వెళ్లాయి. అయితే పాత కాగితాలు అయిపోయేదాకా వాడుకునేవాళ్లం కనుక, ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అనుకోవాలి.

కాకినాడ రేవు
కోడ్‌ను బట్టి కాలం నిర్ణయించకండి. ఊరి పేరు మారినా కోడ్ మారదు. మా కాకినాడ టౌన్ నేటికీ సీసీటీ, పోర్టు సీఓఏ. ఆ సీ అక్షరం కొకనాడా అన్న పాత పేరుది. బెజవాడ బీజెడ్‌ఏగా, ఎల్లూరు ఈఈగా నిలిచాయి. 2015లో రాజమండ్రి పేరు రాజమహేంద్రవరమైనా స్టేషన్ ఆర్‌జేవైగానే ఉంది. తంతి మీద ఊరి పేరంతా కొట్టడం భారమైన రోజుల అలవాటు ఇది.

పట్టాలైతే అలా నిలవవు. మా కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వచ్చి, యుద్ధం కోసం 1940లో పీకివేయబడి, మళ్లీ 2004లో గాని రాలేదు. అందువల్ల నేను కట్టడాల కన్నా కాగితాలనే ఎక్కువగా నమ్ముతాను.

కొవ్వూరు ఒడ్డు
కాగితాలు కూడా నిలవవండీ. ఒక కార్యాలయంలో పాత సిగ్నల్ ప్లాన్లు చూడాలని వెళితే, అంతకు ముందు వారమే తూకానికి అమ్మేశామన్నారు. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. విజయవాడ, గుడివాడ, భీమవరం, నరసాపురం, నిడదవోలు, మచిలీపట్నం కలిపి 221 కిలోమీటర్ల జంటలైను, విద్యుదీకరణ పనులు జరిగాక, పాత సామగ్రి ఇళ్లలో తప్ప ఇంకెక్కడా దొరకడం కష్టమే. ఇత్తడి పలకను చింతపండుతో తోమకండి, అంచుల్లో ఉన్న రంగు పోతుంది.

పాత స్టేషన్ మాస్టరు
బీవీఆర్‌టీ భీమవరం టౌన్, బీవీఆర్‌ఎం భీమవరం జంక్షన్. గడి పైన రాసేది పక్క స్టేషన్ కోడ్ కనుక, అక్కడ టౌన్ కోడ్ ఉందంటే, కాగితం టౌన్‌కు ఇరుగుపొరుగు స్టేషన్‌ది. అంటే ఒకపక్క జంక్షన్, లేదా గుడివాడ వైపు ఉన్న స్టేషన్. ఇక మీ అమ్మగారినే అడగాలి. క్వార్టర్స్‌లో ఉండగా ఆవిడకు ఏ బండ్లు కనబడేవో చెప్పమనండి.

కాలువగట్టు
ఈ ఉదయం అడిగాను. అరుగు మీద బియ్యం ఏరుకుంటూ ఉంటే నరసాపురం బండి ఒకవైపుకు, నిడదవోలు బండి ఇంకోవైపుకు విడిపోయేవని, వాటిని చూసే వంటకు వేళ తెలుసుకునేదాన్నని అమ్మ చెప్పింది. అయితే అది జంక్షనే. పలక అంచున ఎరుపు సన్నగా కనబడుతోంది. ఆదివారం అమ్మను తీసుకుని భీమవరం వెళుతున్నాము. మాస్టరుగారూ, వీలైతే మీరూ రండి.