తారస్థాయిలో గొంతు బిగుసుకుంటోంది

బెజవాడ_గళం: సత్యనారాయణపురంలో గురువుగారి దగ్గర కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీవరుసలు అయ్యాయి. రెండు శ్రుతిలో (శ్రుతి అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తు) పై షడ్జమం, అంటే పై 'స' దాటగానే గొంతు బిగుసుకుంటోంది. ఏం చేయాలండీ?

మోహన_గుంటూరు: ముందు శ్రుతి ఒకటికి దించండి. పై స్వరానికి గడ్డం ఎత్తితే స్వరపేటిక కూడా పైకి లాగేసి బిగుస్తుంది. గడ్డం కింద మెత్తటి చోట బొటనవేలు ఆనించి పాడండి. అక్కడ కండ గట్టిపడిందా, ఆపేయాల్సిందే.

తంబుర: ఆపితే సరిపోదండీ! పెదవులు వదులుగా కలిపి "బ్ర్‌ర్‌" అని ఆడిస్తూ పంచమం (ప) నుంచి పై రిషభం (రి) దాకా జారండి, ఐదు నిమిషాలు. ఊపిరి తగ్గితే పెదవులు ఆగిపోతాయి, తప్పు అక్కడికక్కడే తెలుస్తుంది. తర్వాత అవే స్వరాలు ఊకారంతో, చివరికి అకారంతో. నేరుగా అకారానికి వెళ్తే మళ్లీ పాత బిగుతే.

మోహన_గుంటూరు: అవును, ఇది మీ గురువుగారి ఎదుటే చేయండి. బొంగురు మూడు వారాలు దాటితే మాత్రం ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి.