మూడు నెలలుగా బరువులు ఎత్తుతుంటే నా బరువు పెరిగింది, మానేయాలా?

బ్రాడీపేట_కోడలు: మొదలుపెట్టినప్పుడు 68 కిలోలు. ఇప్పుడు 69.5. నడుము మాత్రం రెండంగుళాలు తగ్గింది. ఇది లాభమా, నష్టమా?

కరకట్ట_వాకర్: నష్టమే. నడవండి చాలు. విజయవాడలో ఒక జిమ్‌వాడు ఏడాది ఫీజు ముందే కట్టించుకున్నాడు. నెలకే 2 కిలోలు పెరిగాను. మానేస్తే పైసా తిరిగివ్వలేదు.

ఇనుపముక్క: నెలలో పెరిగేది ఎక్కువగా నీరేనండీ. కసరత్తుకు అలవాటుపడే కండ గ్లైకోజెన్ (శక్తి కోసం నిల్వచేసుకునే పిండిపదార్థం) దాచుకుంటుంది, గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీరు వెంట చేరుతుంది. నొప్పులు పట్టినచోట కాస్త వాపూ ఉంటుంది. మూడు నెలలకు నడుము తగ్గిందంటే కొవ్వు పోయి కండ వచ్చినట్టే. కొవ్వుకన్నా కండకు తక్కువ చోటు చాలు.

కరకట్ట_వాకర్: కిలో కండైనా, కిలో కొవ్వైనా కిలోనే. కాటా అబద్ధమాడుతుందా?

మిర్చియార్డ్: మా దగ్గర మిర్చి టిక్కీ (బస్తా) తడిసినా తూకం పెరుగుతుంది సార్. సరుకు పెరిగినట్టా?

కరకట్ట_వాకర్: కండ పెరిగితే కూర్చున్నా కొవ్వు కరుగుతుందని చెప్పే ఫీజు లాగారు. అదీ నిజమేనా?

ఇనుపముక్క: అది మాత్రం కోతలే. కిలో కండ ఊరికే ఉన్నప్పుడు రోజుకు ఖర్చుపెట్టేది 13 కేలరీలు. అర ఇడ్లీకి కూడా చాలదు. తగ్గేది కంచం దగ్గరే. బరువులెత్తితే ఆ తగ్గడంలో కండ పోకుండా ఉంటుంది.

కరకట్ట_వాకర్: చూశారా, ఒప్పుకున్నారు! కర్ణం మల్లీశ్వరి 1994, 95లో 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. 2000 సిడ్నీకి వచ్చేసరికి 69 కిలోల విభాగం. ఆడవాళ్లు బరువులెత్తితే అంతే.

బ్రాడీపేట_కోడలు: సిడ్నీలో ఆవిడ స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తి కాంస్యం తెచ్చింది. మీకు కనిపించింది ఆవిడ బరువేనా? మా ఇంట్లోనూ ఇదే గోల. ప్రతి ఆదివారం అత్తగారు నన్ను కాటా ఎక్కిస్తారు. పెరిగితే జిమ్ మాన్పిస్తారట, మగరాయుడిలా అవుతానట. పాతిక కిలోల బియ్యం బస్తా మూడో అంతస్తుకు నేనే మోస్తాను. అప్పుడు ఎవరికీ మగరాయుడు గుర్తురాడు!

ఇనుపముక్క: కాటా దాచేసి టేపు బయటపెట్టండి.

కరకట్ట_వాకర్: ఈ సంగతి ముందే చెప్పొచ్చుగా అమ్మా. మానొద్దు. నా గొడవ ఆ జిమ్‌వాడితో.

మిర్చియార్డ్: ఇంతకీ ఎంత కట్టారు సార్?

కరకట్ట_వాకర్: పద్దెనిమిది వేలు.