ఒత్తిడి పెట్టినా ఎలుకల ఎంపిక మారడం లేదు, ఎవరైనా చెప్పండి

సందిగ్ధజీవి:
పొద్దున్నుంచి ఒకే గ్రాఫు ముందు కూర్చున్నాను, తల పగిలిపోతోంది. ఎలుకల ముందు రెండు మీటలు. ఒకదాన్ని ఒక్కసారి నొక్కితే రెండు గుళికల మేత. రెండోది నాలుగు గుళికలు ఇస్తుంది, కానీ నొక్కులు మొదట రెండు, తర్వాత 5, 10, చివరికి 20 కావాలి. ఒత్తిడిలో ఉన్న ఎలుక కష్టమైన మీటను వదిలేయాలి కదా? నావి వదలవు. 20 సార్లు నొక్కి మరీ నాలుగూ తింటున్నాయి. ఒత్తిడి పెట్టినవి, పెట్టనివి, రెండు గుంపుల గీతలూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. సోమవారం గైడ్‌కు చూపించాలి. తప్పెక్కడ?

విశ్రాంత అధ్యాపకుడు:
నాయనా, ముందు మాట సరిచూసుకో. తెలుగు మాధ్యమం భౌతికశాస్త్రంలో పీడనం (ప్రెషర్), ప్రతిబలం (స్ట్రెస్), వికృతి (స్ట్రెయిన్) అని మూడు వేర్వేరు పదాలున్నాయి. మీరంతా అన్నింటినీ "ఒత్తిడి" మూటలో కట్టేశారు. 1936లో ఒత్తిడి పరిశోధనకు ఆద్యుడైన హాన్స్ సెల్యే ఎలుకల్లో మూత్రపిండాల మీది అధివృక్క గ్రంథులు ఉబ్బడం, థైమస్ గ్రంథి కుంచించుకుపోవడం, జీర్ణాశయంలో పుండ్లు పడటం చూసి రాసిన చిన్న లేఖ శీర్షికలో "హానికర కారకాలు" అనే ఉంది. ఆ అధివృక్క గ్రంథులు వదిలే కార్టిసాల్ హార్మోను పెరిగితే చాలు, అది ఒత్తిడే అనడం ఆ తర్వాత వచ్చిన అలవాటు.

పొడిమాట:
ఎలుకలో ప్రధాన ఒత్తిడి హార్మోను కార్టికోస్టెరాన్. కార్టిసాల్ మనది.
సందిగ్ధజీవీ, ఏ జాతి? ఏ వేళ? ఒత్తిడి ఎలా పెట్టారు?

సందిగ్ధజీవి:
విస్టార్. ఉదయం పదింటికి. ఒత్తిడి మామూలుగానే, అందరూ పెట్టినట్టే.

పొడిమాట:
అందరూ ఒకేలా పెట్టరు.

రాత్రిపాళీ:
ఉదయం పదింటికా? ఎలుక నిశాచరి. గదిలో దీపాలు ఆరే వేళకు దాని కార్టికోస్టెరాన్ శిఖరానికి చేరుతుంది, మనకేమో తెల్లవారేటప్పుడు. మీ దీపాలు ఎప్పుడు వెలుగుతాయో రాయకుండా "ఉదయం" అంటే ఏమర్థం? ఇంకొకటి, గుంపులు రెండూ ఒకే గదిలో ఉన్నాయా? భయపడిన ఎలుక 22 కిలోహెర్ట్జ్ దగ్గర అరుస్తుంది. మన చెవికి అందదు, పక్క బోనుకు బాగా అందుతుంది. ఆరు నెలల పని నాకు అలాగే బూడిదైంది.

సందిగ్ధజీవి:
అరవడానికి వాటినేమీ చేయలేదండీ. కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల కార్టికోస్టెరాన్ సూది, అంతే. చెప్పాననుకున్నాను.

పొడిమాట:
చెప్పలేదు. మీరు ఒత్తిడి పెట్టలేదు, హార్మోను ఎక్కించారు.

బోనుకాపరి:
అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. మీరు వాడుతున్న నొక్కుల లెక్క వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లది. 2012లో వాళ్లు ఎలుకలను గంటసేపు కదలకుండా నిర్బంధించారు. అవి కష్టమైన మీట వైపు వెళ్లడం తగ్గింది, తేల్చుకోవడానికీ ఎక్కువసేపు తీసుకున్నాయి. ఆకలి చావలేదు, ఎక్కువ మేత మీద ఇష్టమూ పోలేదు. ఆగితే ఎక్కువ మేత దొరికే పరీక్షలో మాత్రం మార్పే లేదు. కార్టికోస్టెరాన్ కిలోకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే ఎంపిక కదల్లేదు. అంటే మీకు వచ్చిందే వాళ్లకూ వచ్చింది.

2016లో అదే ప్రయోగశాల సీఆర్‌ఎఫ్‌ను, అంటే ఒత్తిడి వేళ మెదడు వదిలే కార్టికోట్రోపిన్ రిలీజింగ్ ఫ్యాక్టర్‌ను పట్టుకుంది. 41 అమైనో ఆమ్లాల ఈ గొలుసు పీయూష గ్రంథిని తట్టిలేపుతుందని మనం చదువుకున్నదే, కానీ మెదడు లోపల దానికి వేరే పనులూ ఉన్నాయి. మెదడు కుహరాల్లోకి దాన్ని ఎక్కిస్తే ఎలుకలు నిర్బంధంలో పెట్టినప్పటిలాగే కష్టాన్ని తప్పించుకున్నాయి. దాన్ని అడ్డుకునే మందు ముందే ఇస్తే నిర్బంధం ప్రభావం తగ్గింది. అధివృక్క గ్రంథి దాకా వెళ్లకుండా, పైన మెదడులోనే జరిగే వ్యవహారం ఇది. మీ గీతలు తప్పు కావు, మీ ప్రశ్నే వేరే తలుపు తడుతోంది.

విశ్రాంత అధ్యాపకుడు:
చూశారా! ఒత్తిడి వేరు, హార్మోను వేరు అని నేను మొదటే అన్నాను.

పొడిమాట:
మీరన్నది పీడనం గురించి.

రాత్రిపాళీ:
దీపాల సంగతికి ఇంకా జవాబు రాలేదు.

విశ్రాంత అధ్యాపకుడు:
ప్రతిబలం గురించి, పీడనం గురించి కాదు. తేడా తెలియకుండా వాదించకండి.

సందిగ్ధజీవి:
బోనుకాపరి గారూ, బతికించారు. అయితే నిర్బంధించి చూడాలి. చిక్కేమిటంటే, జంతు ప్రయోగాల నైతిక సంఘం ఇచ్చిన అనుమతిలో సూది ఒక్కటే ఉంది. మళ్లీ దరఖాస్తు పెట్టాలేమో. థాంక్స్ అందరికీ. దీపాలు ఎప్పుడు వెలుగుతాయో వాచ్‌మన్‌ను అడగాలి.

రాత్రిపాళీ:
వాచ్‌మన్‌నా?