అన్ని సబ్జెక్టులూ కలిపే న్యూస్‌లెటర్లు: చదువా, కాలక్షేపమా?

నత్తగుల్ల: నాకు ఈమెయిల్‌లో 14 న్యూస్‌లెటర్లు వస్తాయి, ఖగోళం నుంచి వ్యాకరణం దాకా. మొన్న మా చెల్లి "రోమన్లు కట్టినవి ఇన్నేళ్లు ఎలా నిలబడ్డాయి?" అని అడిగింది. దాని మీద చదివి నెల కూడా కాలేదు, అయినా "కాంక్రీటులో అగ్నిపర్వతం బూడిద కలిపేవాళ్లు..." అని ఆగిపోయాను. తర్వాత మాట రాలేదు. ఇదంతా చదివామన్న తృప్తే తప్ప చదువు కాదేమో. అన్నీ తీసేసి ఏడాదికి నాలుగు మంచి పుస్తకాలు చదువుకుంటే మేలు కదా?

దారితప్పినవాడు: బూడిదైనా గుర్తుంది కదండీ! మిగతాది ఇదీ: ఆ కాంక్రీటులో సున్నం గడ్డలు మిగిలిపోతాయి, పగుల్లోకి నీరు దిగితే ఆ సున్నం కరిగి మళ్లీ గట్టిపడి పగులును పూడ్చేస్తుంది, 2023లో అమెరికాలోని ఎంఐటీ వాళ్లు పరిశోధించి చెప్పారు. అసలు సంగతేంటంటే, సెర్చ్‌లో మనకు తోచిందే అడుగుతాం. అడగాలని కూడా తోచనిది కంటపడాలంటే ఇంకొకరి బుర్ర కావాలి. మరియా పోపోవా అనే రచయిత్రి 2006లో ఏడుగురు సహోద్యోగులకు ఈమెయిల్‌గా మొదలుపెట్టింది (ఇప్పుడది ది మార్జినాలియన్ అనే న్యూస్‌లెటర్) ఈ పనే.

నత్తగుల్ల: కంటపడటం సరే. కంటపడిన ప్రతివాడూ స్నేహితుడే అనుకుంటేనే చిక్కు.

ఎర్రపెన్ను: మీరిద్దరూ రెండు రకాల సరుకు ఒకే సంచిలో వేస్తున్నారు. ది బ్రౌజర్ అనే న్యూస్‌లెటర్ లాంటిది రోజూ ఐదు వ్యాసాలు ఏరి, ఎందుకు చదవాలో రెండు ముక్కలు చెప్పి, అసలు రచయిత దగ్గరికే పంపిస్తుంది. ఇంకో రకంలో ఒక్క మనిషే ఈ వారం జన్యుశాస్త్రం, వచ్చే వారం మధ్యయుగాల వ్యాపారం రాసేస్తాడు. నా భయం ఈ రెండోదానితోనే. అలాంటి ఒకాయన్ని ఏడాది పాటు ఇష్టంగా చదివాను, తీరా ఆయన నా సబ్జెక్టు స్టాటిస్టిక్స్ జోలికొచ్చిన రోజున చూస్తే, రెండు అంకెలు కలిసి పెరిగాయి కాబట్టి ఒకటి రెండోదానికి కారణం అని రాశాడు, అదీ మూడు చోట్ల. మరి మిగతా యాభై వారాలు నేనేం నమ్మినట్టు? అప్పట్నుంచి ఒక్కటే చూస్తాను, పాత సంచికలో తప్పు దొర్లితే కొత్త సంచికలో ఒప్పుకుంటున్నాడా లేదా అని.

దారితప్పినవాడు: ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. కానీ పుస్తకంలో తప్పుంటే ఎవరికి చెప్పుకుంటాం? ఇక్కడ రిప్లై కొడితే రాసినవాడికే చేరుతుంది.

ఎర్రపెన్ను: కొట్టాను. జవాబు లేదు.

నత్తగుల్ల: సరే, 11 తీసేశాను, తప్పులు దిద్దుకునేవి మూడే మిగిలాయి. చెల్లికి ఫోన్ చేసి సున్నం సంగతి కూడా చెప్పేశాను, అదీ దారితప్పినవాడు గారి పుణ్యమే గానీ ఏ న్యూస్‌లెటర్ పుణ్యమూ కాదు.

దారితప్పినవాడు: మరి నాకెక్కడ తెలిసిందనుకుంటున్నారు?