క్లాసికల్ క్రైస్తవ బడిలో లాటిన్: చదువా, బట్టీయా?

తాళపత్రం: అమెరికాలోని క్లాసికల్ క్రైస్తవ బడుల పద్ధతి మామూలు బడికన్నా మేలని నా వాదన. చిన్న తరగతుల్లో వ్యాకరణం, అంటే కంఠస్థం, ఏడు, ఎనిమిది తరగతులకొచ్చేసరికి తర్కం, హైస్కూల్లో వక్తృత్వం. చివర పెద్ద వ్యాసం రాసి, ప్రశ్నలడిగేవాళ్ల ముందు నిలబడి సమర్థించుకోవాలి. మామూలు బడిలో పరీక్ష అయ్యాక ఏం మిగులుతుంది?

చుక్కానిలేని: మెన్స, మెన్సే, మెన్సే, మెన్సం, మెన్సా. అక్కడ నేర్పే లాటిన్‌లో 'బల్ల' అన్న మాటకు విభక్తుల వరస ఇది. పాట బాగానే వస్తుంది. మొదటి హ్రస్వానికీ చివరి దీర్ఘానికీ తేడా అడిగితే పిల్లలు నోరు వెళ్లబెడతారు.

తాళపత్రం: అది చెప్పేవాళ్ల లోపం. వరస నోటికొచ్చాక వాక్యంలో పెట్టాలి. 'పుఎల్ల మెన్సం పోర్తత్', పిల్ల బల్లను మోస్తోంది. మాటలు అటూ ఇటూ మార్చి, మోసేదెవరో అడగాలి. తెలుగులో 'ను' చేసే పనే అక్కడ 'మ్' చేస్తుంది. ఏడాదంతా పాటే పాడిస్తే బట్టీయే, ఒప్పుకుంటా.

పెన్సిల్‌ముక్క: లాటిన్ ఎవరు మాట్లాడతారండీ ఇప్పుడు?

చుక్కానిలేని: ఆ మూడు మెట్లు పిల్లల వయసులన్నది 1947లో ఆంగ్ల రచయిత్రి డొరతీ సేయర్స్ ప్రసంగంలోని అన్వయం. మధ్యయుగంలో అవి విద్యలు, వయసులు కావు. పైగా తనకు బోధనానుభవం బహు తక్కువని ఆవిడే చెప్పుకుంది.

తాళపత్రం: మళ్లీ పక్కదారి! పద్ధతి పనిచేస్తుందా లేదా అన్నదే ప్రశ్న. మీకు 'క్రైస్తవ' అన్న మాటే గిట్టడం లేదు, అది చెప్పండి.

చుక్కానిలేని: సరే, చెబుతా. ఇలాంటి చాలా బడుల్లో టీచర్లు విశ్వాస ప్రకటనకు, అంటే బడి నమ్మే మత సిద్ధాంతాల జాబితాకు, ఒప్పుకుంటేనే ఉద్యోగం. తర్కం నేర్పుతారు, ఏ ఆధారవాక్యం జోలికి పోకూడదో ముందే గీత గీస్తారు.

తాళపత్రం: మామూలు బడికి గీత లేదా? దేవుడి ఊసెత్తకుండా లోకాన్ని వివరించడమూ ఒక పక్షమే. మా గీత గోడమీద రాసి ఉంటుంది, అంతే తేడా.

పాఠకుడు7: చిన్న సవరణ. 1963 అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ప్రభుత్వ బడిలో భక్తిగా చేసే బైబిల్ పఠనాన్నే ఆపింది. సాహిత్యంగానో చరిత్రగానో చదివించొచ్చు.

చుక్కానిలేని: ఒక్కటే అడుగుతా. చివరి వ్యాసంలో పిల్లవాడు ఆ విశ్వాస ప్రకటననే ఖండిస్తే పాసవుతాడా?

తాళపత్రం: వాదన బిగువుగా ఉంటే మార్కులు వేయాలి.

చుక్కానిలేని: 'వేయాలి' అన్నారు. 'వేస్తారు' అనలేదు.