చీపురుపల్లి – విశాఖ రోజూ తిరగాలంటే: ఎమ్మెస్టీ (నెలవారీ రైలు పాస్) ఎక్కడిదాకా రాయించాలి, ఏ బండి ఎక్కొచ్చు?

చీపురుపల్లి_కుర్రాడు

అందరికీ నమస్కారమండి. వచ్చే నెల నుంచి చీపురుపల్లి – విశాఖ రోజూ రాకపోకలు. ఆఫీసు గోపాలపట్నంలో. ఉదయం తొమ్మిదిన్నరకల్లా సీట్లో ఉండాలి, సాయంత్రం ఆరింటికి వదులుతారు. తెలిసినవాళ్లు చెప్పండి:

పాస్ సింహాచలం నార్త్ స్టేషన్ వరకు సరిపోతుందా, విశాఖపట్నం దాకా రాయించాలా? అదే పాస్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కనిస్తారా? నెలకా, మూడు నెలలకా, ఏకంగా ఏడాదికా, ఏది లాభం? ప్యాసింజర్లు టైముకి వస్తాయన్న నమ్మకం పెట్టుకోవచ్చా? ఇంకొకటి, మా చెల్లి విజయనగరంలో డిగ్రీలో చేరింది. ఆడపిల్లలకి పాస్ ఉచితమంటున్నారు, నిజమేనా?

గరివిడి_పాస్‌హోల్డర్

బాబూ, పాస్ విశాఖపట్నం దాకానే రాయించు. సింహాచలం నార్త్‌లో ప్యాసింజర్లు, మెములు (విడిగా ఇంజను లేని కరెంటు లోకల్ బండ్లు) ఆగుతాయి గానీ ఎక్స్‌ప్రెస్‌లు చాలామటుకు ఆగవు. ఏదో ఒక రోజు ప్యాసింజర్ తప్పి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అది నేరుగా విశాఖ తీసుకుపోతుంది. పాస్ హద్దు దాటావు కాబట్టి జరిమానా. విశాఖ వరకు రాయించుకుంటే మధ్యలో ఎక్కడైనా దిగొచ్చు, ధరలో తేడా స్వల్పం.

ఇంతకన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. విజయవాడ వైపు వెళ్లే కొన్ని ఎక్స్‌ప్రెస్‌లు విశాఖపట్నం స్టేషన్‌కి రావు. సింహాచలం నార్త్ దగ్గర బైపాస్ పట్టి దువ్వాడ వెళ్లిపోతాయి. ఎక్కేముందు బండి పేరొక్కటే చూస్తే చాలదు, విజయనగరం తర్వాత దాని హాల్టు ఏదో చూడు.

ఎక్స్‌ప్రెస్ సంగతి: సెకండ్ క్లాస్ ఎమ్మెస్టీ అన్ని ఎక్స్‌ప్రెస్‌లలో చెల్లదు. రైల్వే జోన్ అనుమతించిన బండ్లలోనే, అదీ జనరల్ పెట్టెల్లోనే. ఆ జాబితా పాస్ తీసుకునే రోజే కౌంటర్లో అడుగు. బండి నంబరు 12, 20, 22తో మొదలైతే సూపర్‌ఫాస్ట్. దానికి పాస్‌తో పాటు సూపర్‌ఫాస్ట్ సర్‌చార్జి విడిగా కట్టి ఉండాలి. విశాఖ – భువనేశ్వర్ ఇంటర్‌సిటీ పేరు చూసి మామూలు బండనుకుంటారు, నంబరు 22819, 22820. అది సూపర్‌ఫాస్టే. 17, 18తో మొదలయ్యేవి మామూలు ఎక్స్‌ప్రెస్‌లు. 5 అంకె ప్యాసింజర్‌కి, 6 మెముకి. పగటిపూట స్లీపర్లో కూర్చుంటే ఏమవుతుందిలే అనుకోవద్దు. రిజర్వేషన్ పెట్టెలో పాస్ ఉన్నవాడూ టికెట్ లేనివాడి కిందే లెక్క: చార్జీతో పాటు కనీసం 250 రూపాయలు అదనం.

ఇక లాభం లెక్క. మూడు నెలల పాస్ ధర నెల పాస్‌కి 2.7 రెట్లు. ఆరు నెలలది 5.4, ఏడాదిది 10.8. ఏది తీసుకున్నా తగ్గింపు పది శాతమే. ఏడాది డబ్బు ఒకేసారి ఇరికించినందుకు అదనంగా ఒరిగేదేమీ లేదు. పైగా వాడకపోతే డబ్బు వెనక్కి రాదు, కాగితం పాస్ పోతే డూప్లికేట్ ఇవ్వరు. ఉద్యోగం కొత్త కాబట్టి మొదట నెలకి తీసుకో, బండ్లు సరిపడ్డాయనుకుంటే మూడు నెలలకి మార్చుకో. నెలలో పది రోజులు రాను పోను తిరిగితే పాస్ డబ్బు దాదాపు వచ్చేసినట్టే.

చెల్లి విషయం నిజమే. ఇంటి నుంచి కాలేజీకి సెకండ్ క్లాస్ నెల పాస్ ఆడపిల్లలకి డిగ్రీ వరకు, మగపిల్లలకి పన్నెండో తరగతి వరకు ఉచితం. కాలేజీవాళ్లు రైల్వే నమూనాలో సర్టిఫికెట్ రాసివ్వాలి. అందులో ఇంటికి దగ్గరి స్టేషన్, కాలేజీకి దగ్గరి స్టేషన్ పేర్లు సరిగ్గా ఉండాలి. "విజయనగరం చుట్టుపక్కల" లాంటి రాతలుంటే కౌంటర్లో తిప్పి పంపేస్తారు.

వాల్తేరు_సెక్షన్

టైము గురించి నేను చెప్తాను. ఈ లైన్లో ప్యాసింజర్ ఎందుకు ఆగుతుందో తెలిస్తే ఎంత ముందు బయల్దేరాలో మీకే తెలుస్తుంది.

విజయనగరం దగ్గర హౌరా లైనూ రాయ్‌పూర్ లైనూ కలుస్తాయి. కొత్తవలస దగ్గర అరకు మీదుగా వచ్చే కిరండూల్ లైను కలుస్తుంది. ఇనప ఖనిజం నింపుకున్న గూడ్స్‌లు అక్కడే మెయిన్ లైన్ ఎక్కుతాయి. కాబట్టి కొత్తవలస నుంచి సింహాచలం నార్త్ వరకు మూడు దిక్కుల బండ్లూ ఒకే దారిలో నడుస్తాయి. నిండు గూడ్స్‌ని ఒకసారి ఆపితే మళ్లీ వేగం అందుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఏ బండి ముందు వెళ్లాలో చెప్పే కంట్రోలర్ దాన్ని ఆపడానికి ఇష్టపడడు, ప్యాసింజర్నే ఆపుతాడు.

వెనక ఎక్స్‌ప్రెస్ ఉంటే ప్యాసింజర్ని లూప్‌లో, అంటే స్టేషన్‌లో పక్క లైన్లో పెడతారు. లూప్‌లోకి మళ్లే చోట వేగం 30 కిలోమీటర్లకి మించకూడదు. లోపలికి వచ్చి ఆగాలి, ఎక్స్‌ప్రెస్ దాటి ముందు సెక్షన్ ఖాళీ చేయాలి, అప్పుడు పాయింట్లు మార్చి సిగ్నల్ ఇస్తారు. ఒక్క క్రాసింగ్‌కి పావుగంట పోయినట్టే. మెము అయితే బయల్దేరగానే వేగం పుంజుకుంటుంది, ఇంజను లాగే పాత ప్యాసింజర్ కన్నా ఈ నష్టాన్ని కొంత పూడ్చుకోగలదు. అలమండ, కోరుకొండ లాంటి దగ్గర దగ్గర హాల్టులున్న చోట ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఆఖరి అడ్డంకి విశాఖ స్టేషనే. హౌరా – చెన్నై మధ్య నడిచే బండి లోపలికొస్తే వచ్చిన దిక్కుకే తిరిగి వెళ్లాలి. ఇంజను విప్పి రెండో చివర ఇంకొకటి తగిలించి, గొట్టాలు కలిపి, బ్రేక్ పైపులో 5 కిలోల ఒత్తిడి వచ్చిందో లేదో చూసి, చివరి పెట్టె దాకా బ్రేకు పడుతోందని గార్డు ఖాయం చేశాకే కదులుతుంది. సుమారు ఇరవై నిమిషాలు ప్లాట్‌ఫామ్ దాని చేతిలో ఉంటుంది. అలాంటివి రెండు మూడు వరసగా వస్తే ప్యాసింజర్ బయట సిగ్నల్ దగ్గర పడిగాపులు కాయాల్సిందే. మీ ఆఫీసు గోపాలపట్నంలో కాబట్టి అది మీకు అంటదు. సింహాచలం నార్త్‌లో దిగిపోండి, ఆటో చాలు.

బండి ఎక్కడుందో చూపే రైల్వే యాప్ ఎన్టీఈఎస్‌లో పాత రోజుల రన్నింగ్ చూసేటప్పుడు విశాఖ చేరిన టైము చూడకండి. చివరి మజిలీకి ముందు టైంటేబుల్లో అదనపు నిమిషాలు కలిపి ఉంచుతారు. పెందుర్తి దగ్గర అరగంట లేటున్న బండి కూడా విశాఖలో రైట్ టైం అనిపించుకుంటుంది. కొత్తవలస, సింహాచలం నార్త్ దగ్గరి లేటే మీకు పనికొచ్చేది. నా లెక్కలో సింహాచలం నార్త్‌కి ఎనిమిదిన్నరలోపు వచ్చే బండి అయితేనే మీ తొమ్మిదిన్నర భద్రం.

ఇంకో మాట. ఆటోమేటిక్ సిగ్నళ్లున్న చోట ఎర్రలైటు దగ్గర బండి ఆగితే లోకో పైలట్‌ని తిట్టకండి. పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగి, ఆ తర్వాత బాగా నెమ్మదిగా కదలాలన్నది నిబంధన. 2023 అక్టోబర్ 29 రాత్రి కంటకాపల్లి – అలమండ మధ్య పలాస ప్యాసింజర్ని వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దింది, 14 మంది పోయారు. సిగ్నళ్లు చెడి ఉన్న చోటే అది జరిగింది. ఆ రెండు నిమిషాల విలువ మన జిల్లా వాళ్లకి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

చీపురుపల్లి_కుర్రాడు

చాలా థాంక్స్ మాస్టారూ. మొబైల్లో పాస్ తీసుకుంటే ఏమైనా ఇబ్బందా? సాయంత్రం కూడా సింహాచలం నార్త్‌లోనే ఎక్కమంటారా? మా ఫ్రెండ్ శ్రీకాకుళం టౌన్ నుంచి ఇలాగే తిరగాలనుకుంటున్నాడు, కుదురుతుందా?

ఆమదాలవలస_వైపు

రైల్వేవాళ్ల రైల్‌వన్ యాప్‌లో పాస్ వస్తుంది. ఈ రోజు తీసుకుంటే రేపటి నుంచి చెల్లుతుంది, కాబట్టి ఒకటో తారీఖు కావాలంటే ముందు రోజే తీసుకోండి. గడువు ముగియడానికి పది రోజుల ముందు నుంచీ రెన్యూవల్ చేసుకోవచ్చు. గుర్తింపు కార్డు నంబరు ఏది ఇస్తే ఆ కార్డే జేబులో ఉండాలి. ఫోన్ చార్జింగ్ అయిపోయి చూపించలేకపోతే పాస్ లేనట్టే, అందుకే సాయంత్రం బండికి పవర్ బ్యాంక్ తప్పనిసరి.

సాయంత్రం మాత్రం వీలైతే విశాఖ వెళ్లి ఎక్కండి. లోకల్ బండ్లు అక్కడే బయల్దేరతాయి, బేగి వెళ్తే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. సింహాచలం నార్త్‌కి వచ్చేసరికి నిండిపోతాయి. విజయనగరం దాకా నిలబడే ప్రయాణం, అక్కడ దిగేవాళ్లు దిగాకే సీటు. మీ పాస్ ఎలాగూ విశాఖ దాకా ఉంటుంది కదా.

మీ ఫ్రెండ్‌కి నా సలహా బస్సే. ఎమ్మెస్టీ పరిమితి 150 కిలోమీటర్లు, శ్రీకాకుళం రోడ్ నుంచి విశాఖ 130 దరిదాపు, అంటే పాస్ ఇస్తారు. కానీ ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. టౌన్ నుంచి పది కిలోమీటర్లు పైగా బస్సో ఆటోనో పట్టి రావాలి, రాత్రి లేటుగా దిగితే తిరిగి వెళ్లడం ఇంకా కష్టం. హైవే మీద నాన్‌స్టాప్ బస్సు ఇంటికి దగ్గరలో ఎక్కించి దింపుతుంది. ఆమదాలవలస, దూసి, పొందూరు వాళ్లకైతే రైలుకి సాటి లేదు. పలాస వాళ్లకి దూరం 150 దాటిపోతుంది, ఆ పాస్ రాదు.

పలాస అవతల మందస, సోంపేట, ఇచ్ఛాపురం వాళ్ల పరిస్థితి మరీ అన్యాయం. 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఖరారు చేసిన విశాఖ రైల్వే డివిజన్ హద్దు పలాసతో ఆగిపోయింది. జిల్లా ఒకటే అయినా అటువైపు లైను ఖుర్దారోడ్ డివిజన్‌ది. పలాసలో ఆగే మెముని ఇచ్ఛాపురం దాకా పొడిగించాలంటే రెండు డివిజన్లు ఒప్పుకోవాలి. స్టేషన్‌లో అర్జీ ఇచ్చేవాళ్లు ఆ రెండు డివిజన్ల డీఆర్ఎంలకీ (డివిజన్ పెద్ద అధికారులకీ) కాపీలు పంపండి, ఒక్కరికే పంపితే అది తమ పరిధి కాదని తిప్పి పంపుతారు.